కొన్నవాళ్లంతా తిరిగొచ్చిన రోజు

పుస్తకాలు అమ్మే ఉద్యోగాల్లో అన్నిటికన్నా నిశ్చింతైనది రైల్వే స్టేషన్ స్టాల్లో ఉద్యోగం. కొన్నవాడు రైలెక్కి వెళ్లిపోతాడు. పుస్తకం బాగాలేదని వాడికి తెలిసేసరికి మనకీ వాడికీ మధ్య గోదావరి ఉంటుంది. ఊళ్లో కొట్టు పెట్టుకున్నవాళ్లకి ఆ అదృష్టం లేదు. వాళ్ల పాఠకులు మర్నాడే కూరగాయల బజార్లో ఎదురవుతారు.

నేను బెజవాడ స్టేషన్లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద అలాంటి స్టాల్లో తొంభైల మొదట్లో చేరాను. రెండువేల సంవత్సరం దాటిన తర్వాత కూడా చాలాకాలం అక్కడే ఉన్నాను. మీరిప్పుడు ఫోన్లో నక్షత్రాలు లెక్కపెట్టి పుస్తకం కొంటున్నారు. అప్పట్లో ఆ నక్షత్రాల పని నేను నోటితో చేసేవాణ్ణి. ఎవరూ అడక్కపోయినా చేసేవాణ్ణి.

చదివే జబ్బు నాకు హనుమాన్ జంక్షన్‌లో అంటుకుంది. మా నాన్న లారీల టైర్లకి పంక్చర్లు వేసేవాడు. డ్రైవర్లు వదిలేసిపోయిన పుస్తకాలు నాకు దక్కేవి. అన్నీ అట్టలు ఊడినవే. ఆఖరి పేజీలు చిరిగిపోయిన డిటెక్టివ్ నవలలకి హంతకుణ్ణి నేనే ఖాయం చేసుకునేవాణ్ణి. తర్వాతెప్పుడో పూర్తి పుస్తకం దొరికితే, రచయిత పట్టించినవాడు నాకు నచ్చేవాడు కాదు. అభిప్రాయాలు ఏర్పడటం అలా మొదలైంది. ఇక ఆగలేదు.

డిటెక్టివ్ నవల వేడి బజ్జీ లాంటిదనీ, చల్లారనివ్వకూడదనీ నా నమ్మకం. కుటుంబ నవలలో అత్తగారు మంచిదైతే కథ నడవదు, చెడ్డదైతే ఆగదు. ఆత్మకథల్లో చిన్నప్పటి దరిద్రం ఉన్నంతసేపూ రుచిగా ఉంటుంది. పదవి రాగానే చప్పబడి, సన్మానాల దగ్గరికొచ్చేసరికి ముద్దయిపోతుంది. చారిత్రక నవలల్లో రాజుగారు గుర్రం ఎక్కితే పది పేజీల దాకా దిగడు. వంటల పుస్తకాలు కొనేవాళ్లు వండరు, వండేవాళ్లు కొనరు. వాస్తు పుస్తకం ఇల్లు కట్టడం అయిపోయాకే కొంటారు. కవిత్వం ఎవరూ కొనరు, ఎవరూ దొంగిలించరు. అయినా మంచి కవిత్వం పుస్తకం ఒకటి ఎప్పుడూ నా బల్ల కింద ఉండేది, నా కోసం.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలంటే మాత్రం నాకు చిన్నచూపు. లే, నిలబడు, నవ్వు, గట్టిగా మాట్లాడు అని రెండువందల పేజీలు. చదివినవాడికి మేలూ ఉండదు, కీడూ ఉండదని ధీమాగా అమ్మేవాణ్ణి.

అమ్మే పద్ధతి కూడా చెప్తాను. "ఎక్కడిదాకా అండీ?" అని అడిగేవాణ్ణి. తుని దాకా అంటే డిటెక్టివ్, మద్రాసు అంటే కుటుంబ నవల, ఢిల్లీ అంటే గుర్రం మీద రాజుగారు. దూరాన్ని బట్టి పుస్తకం మందం. ఆ తర్వాత మొహం చూసి రకం.

స్టాల్లో నాకొక సీనియర్ ఉండేవాడు. వాళ్లది బందరు వైపు సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. ఈయనకి పడవెక్కితే కడుపులో తిప్పుతుందని పట్నం వచ్చేశాడు. జీవితంలో ఒక్క పుస్తకం చదవలేదు. నేను కథ చెప్పి అమ్ముతుంటే ఆయనకి ఒళ్లు మండేది. "చేపని మొప్పలెత్తి చూపిస్తాం గానీ, కొరికి రుచి చెప్తామేంటయ్యా?" అనేవాడు.

ఆ స్టాలు నడిపించే మా ఏజెంటుగారు బెంజ్ సర్కిల్ దగ్గర ఉండేవారు. ఆయనకీ నా నోటి మీద సదభిప్రాయం లేదు. ఒకసారి ఉత్సాహంలో ఒక ప్రయాణికుడికి హంతకుడెవరో కూడా చెప్పేశాను. ఆయన వెళ్లి ఫిర్యాదు చేశాడు. "ఇంకొక్క మాట నా చెవిన పడిందంటే నిన్ను గోడౌన్లో కట్టలు కట్టడానికి వేస్తా. అక్కడ ఎలకలుంటాయి, వాటికి చెప్పుకో నీ అభిప్రాయాలు" అన్నారు ఏజెంటుగారు. నాకు ఎలకలంటే భయం. పుస్తకాల విషయంలో వాటి అభిరుచి కూడా మంచిది కాదు.

సరే, ఆ రోజు సంగతికి వస్తాను.

వానాకాలం. ఉదయం పూట విశాఖపట్నం వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ వచ్చి మా ప్లాట్‌ఫారం మీద ఆగింది. ముందు ఎక్కడో వానకి పట్టాల కింద మట్టి కొట్టుకుపోయిందనీ, బాగుచేసేదాకా రైలు కదలదనీ మైకులో చెప్పారు. జనం దిగి, తిట్టుకుని, టిఫిన్లు తిని, ఇక చేసేదేమీ లేక మా స్టాలు మీద పడ్డారు. నాకు పండగ. ఇంతమంది ఇంత తీరిగ్గా నా మాట వినటం అదే మొదలు.

ముందుగా ఒక పెద్దావిడ వచ్చారు. నేతచీర, బంగారు ఫ్రేము కళ్లజోడు. గుడివాడలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారట. "భక్తి పుస్తకం ఏదన్నా ఇవ్వు నాయనా" అన్నారు. అడగటం భక్తి పుస్తకమే గానీ, చూపంతా పైవరసలో కత్తి బొమ్మ ఉన్న అట్ట మీద ఉంది. నేను రెండూ తీసి ముందు పెట్టాను.

"ఇదెందుకు?" అన్నారు కత్తి మీద వేలు పెట్టి.

"ఇందులో కూడా మంచి నీతి ఉందండీ."

"ఏం నీతి?"

"హత్య చెయ్యకూడదని."

ఆవిడ నవ్వకుండా రెండూ కొన్నారు.

తర్వాత కైకలూరు వైపు చేపల చెరువులున్న రైతు ఒకాయన. మెడలో గొలుసు, కొనలు తిప్పిన మీసం, పందెం కోడి నడక. "టైంపాస్‌కి ఏదోటి పడెయ్" అన్నాడు. ఆయనకి కావాలనే, పట్టుచీర కట్టుకున్న అమ్మాయి దిగులుగా కిటికీలోంచి చూస్తున్న అట్ట ఉన్న కుటుంబ నవల ఇచ్చాను. కొంటె ఆలోచన అంతే. పది పేజీలు చదివి నిద్రపోతాడనుకున్నాను.

మూడో బేరం ఇద్దరు. ఆటోనగర్‌లో లారీ సామాన్ల షాపున్న యజమానీ, ఆయన గుమస్తా. యజమాని తెల్ల లాల్చీలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. "ఒరేయ్, ఆ సంచీ ఇటు తే. ఒరేయ్, రైలు సంగతి కనుక్కో. ఒరేయ్, ఈ గొడుగు మడిచిపెట్టు." గుమస్తాకి నలభై ఏళ్లుంటాయి. ముందు జుట్టు పల్చబడింది. ఇస్త్రీ చొక్కా జేబులో రెండు పెన్నులు. రైలు సంగతి కనుక్కునే దారిలో స్టాలు దగ్గర ఆగి, పుస్తకాల వెన్నుల మీద వేలితో రాస్తూ నిలబడ్డాడు.

"ఒరేయ్!" అని వినపడింది. భుజాలు ముడుచుకున్నాడు.

ధైర్యంగా మాట్లాడటం ఎలాగో నేర్పే పుస్తకం ఒకటి ఆ వరసలో ఉంది. ఉన్నది ఒక్కటే కాపీ, చాలారోజుల్నుంచి దుమ్ము పట్టి ఉంది. తుడిచి ఆయన చేతిలో పెట్టాను.

"ఇది పనిచేస్తుందంటారా?" అన్నాడు, మందుల షాపులో అడిగినట్టు.

"రాజమండ్రి దాకా చదవండి. మీకే తెలుస్తుంది" అన్నాను. రాజమండ్రిలో ఏం తెలిసినా నాకు ఇబ్బంది లేదు గదా.

రైలు మాత్రం రాజమండ్రి వెళ్లలేదు. కృష్ణా జిల్లా కూడా దాటలేదు. అసలు కదల్లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి దెబ్బ తగిలింది. చేపల చెరువుల రైతు వచ్చి స్టాలు ముందు నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మీసం కొనలు కిందికి వాలాయి. తాగాడేమో అనుకున్నాను.

"ఏంటయ్యా ఇది? ఆ పిల్లని చంపేశాడు!"

"అవునండీ."

"అవునండీ అంటావేంటి! ఏం పాపం చేసింది? ఆ డాక్టరు వెధవకి ముందే తెలుసు గదా. చెప్పుంటే బతికేది గదా!" ఆయన తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు. "రెండో భాగం ఇవ్వు."

"రెండో భాగం లేదండీ. పిల్ల పోయింది గదా."

"అయితే రాసినవాడి అడ్రసు ఇవ్వు."

"ఆవిడండీ. ఆడవాళ్లు రాసింది."

దాంతో ఆయన కాస్త తగ్గాడు. "ఆడమనిషై ఉండి అంత నిర్దయేంటి" అని గొణుక్కుంటూ, స్టాలు పక్కనున్న తోపుడు బండి మీద కూలబడ్డాడు. జోకుల పుస్తకం ఒకటి ఊరికే చేతిలో పెట్టాను. తెరిచి చూస్తూ కూడా ముక్కు ఎగబీలుస్తూనే ఉన్నాడు.

ఇంతలో టీచరుగారు వచ్చారు. భక్తి పుస్తకం చంకలో అలాగే ఉంది, మడత నలగలేదు. కత్తి పుస్తకం మాత్రం చివర్దాకా నలిగింది.

"లెక్క కుదర్లేదోయ్" అన్నారు. "ఆరున్నరకి రైలు దిగినవాడు ఏడింటికల్లా అంత దూరం వెళ్లి హత్య ఎలా చేస్తాడు? ఇరవై మైళ్లు! గుర్రమా?"

"కారులో వెళ్లుంటాడండీ."

"కారు ఉందని ఎక్కడ రాశాడు?"

"మనం ఊహించుకోవాలి."

"లెక్క ఊహించుకునే పిల్లలకి నేను సున్నా వేసేదాన్ని. ఇంకోటి ఇవ్వు. ఈసారి నువ్వు సరిచూసింది."

నాకు రోషం వచ్చింది. డిటెక్టివ్ నవలకి పరుగు ముఖ్యం, లెక్క కాదన్నాను. పరుగు తీసేవాడికే లెక్క ఎక్కువ కావాలన్నారావిడ. జోకుల పుస్తకం పక్కనపెట్టి రైతు నా వైపు చేరాడు. ఇంకో నలుగురు పుస్తకాలతో చుట్టూ మూగారు. భక్తి పుస్తకంలో అచ్చుతప్పులున్నాయని ఒకరు, దయ్యాల నవలలో దయ్యం ఆలస్యంగా వచ్చిందని ఒకరు. నా సీనియర్‌కి ఇంతకన్నా ఆనందకరమైన మధ్యాహ్నం ఎప్పుడూ దొరకలేదనుకుంటాను. "రుచి చెప్పి అమ్మావుగా, ఇక ఎంగిలి ప్లేట్లు కడుక్కో" అన్నాడు నా చెవిలో.

నిజం చెప్పాలంటే నాకూ సరదాగానే ఉంది. ఇన్నేళ్లూ ఒక్కడినే చదివి ఒక్కడినే వాదించుకున్నాను. ఎదుటివాళ్లు తిరిగొచ్చి తిడుతుంటే, పుస్తకానికి రెండో కన్ను కూడా తెరుచుకున్నట్టనిపించింది.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ తెల్ల లాల్చీ వచ్చింది.

"ఎవరయ్యా ఇక్కడ పొద్దున పుస్తకాలు అమ్మింది?"

నా సీనియర్ వేలితో నన్ను చూపించి, వారపత్రికలు సర్దటానికి అవతలి వైపు వెళ్లిపోయాడు.

"మావాడికి ఏం మందు పెట్టావు?" అన్నాడు యజమాని.

"ఏమైందండీ?"

"మంచినీళ్లు తేరా అంటే, రైలు పెట్టెలో అందరూ వింటుండగా, 'నన్ను నలుగురిలో ఒరేయ్ అనొద్దండీ' అంటాడు! నన్ను! నేను పెట్టిన తిండి తింటూ!"

ఆయన వెనకాలే గుమస్తా వచ్చాడు. చంకలో పుస్తకం, చేతిలో నిండుగా నింపిన నీళ్ల సీసా. సీసాలో నీళ్లు ఊగుతున్నాయి. గొంతు మాత్రం వణకలేదు.

"నీళ్లు తేనన్లేదండీ. తెచ్చాను. ఆ ఒక్క మాటే వద్దన్నాను."

"షాపు పెట్టిన రోజు నుంచి అంటున్నాను గదరా! తమ్ముడి లాంటివాడివని అంటున్నాను. ఇవాళే మొలిచాయా చెవులు?"

"చెవులు అప్పుడూ ఉన్నాయండీ." గుమస్తా సీసా వంక చూస్తూ చెప్పాడు. "మొన్న మా అమ్మాయి షాపుకొచ్చింది, గుర్తుందా? క్యారియరు తెచ్చింది. దాని ముందు కూడా పిలిచారు. ఇంటికెళ్లి వాళ్లమ్మనడిగిందంట, నాన్నకి షాపులో పేరు లేదా అని."

యజమాని మొహం ఎర్రబడింది. సిగ్గుపడ్డ మనిషికి ముందొచ్చేది కోపమే గదా. "అయితే రేపట్నుంచి షాపుకి రావద్దు" అనేశాడు. వెంటనే నా వైపు తిరిగాడు. "నీ సంగతి కూడా చెప్తా. మీ ఏజెంటు లారీ సామాను నా దగ్గరే తీసుకుంటాడు. ఇప్పుడే బూత్‌లోంచి ఫోన్ చేస్తా. ఇలాంటి పుస్తకాలు ఎక్కించి మనుషుల్ని చెడగొడతారా?"

నాకు గోడౌనూ ఎలకలూ కళ్లముందు కనపడ్డాయి. అంతకన్నా ముందు గుమస్తా కనపడ్డాడు. ఆయన ఉద్యోగం పోవటానికి కారణం, పొద్దున దుమ్ము తుడుస్తూ నేను చేసిన వేళాకోళం.

"అయ్యా, అందులో ఏం లేదండీ. వట్టి పుస్తకం. నేను చదివాను గదా, ఏం లేదు" అన్నాను యజమానితో, బతిమాలుతున్నట్టు.

గుమస్తా తలెత్తి నన్ను చూశాడు. "వట్టిది కాదండీ" అన్నాడు.

నా పాతికేళ్ల చదువులో నా అభిప్రాయాన్ని ఎవరూ అంత చిన్న మాటతో కొట్టెయ్యలేదు.

యజమాని టెలిఫోన్ బూత్ వైపు రెండడుగులు వేశాడు. అప్పుడు వెనకనుంచి ఒక కేక వినపడింది.

"ఒరేయ్!"

యజమాని అలవాటుగా గుమస్తా వంక చూశాడు. గుమస్తా యజమాని వంక చూశాడు. పిలిచింది టీచరుగారు.

"నిన్నేరా. లాల్చీ వేసుకున్నవాడివి. ఇట్రా."

యజమాని నమ్మలేక చుట్టూ చూశాడు. "ఏంటమ్మా ఆ పిలుపు? నేనెవరనుకుంటున్నారు?"

"ఎవరైతేనేం? మా పెద్దాడి వయసు ఉంటావు. ప్రేమగానే పిలిచాను. ఏరా, కోపమొచ్చిందా?"

"ప్రేమేనండీ, ప్రేమగానే పిలిచారు" అన్నాడు చేపల రైతు తోపుడు బండి మీదనుంచి, ఇంకా ఎర్రగా ఉన్న కళ్లతో. పక్కనున్నవాళ్లు కిసుక్కుమన్నారు. కూలీలు కూడా ఆగి చూస్తున్నారు. యజమాని లాల్చీ సర్దుకున్నాడు. ఆ ప్లాట్‌ఫారం మీద ఆయన్ని 'గారూ' అనటానికి అలవాటుపడినవాడు ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడూ నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాడు.

ఆ ఒక్కడే ముందుకొచ్చి, "అమ్మా, మా సేటుగారిని అలా అనకండి" అన్నాడు.

యజమాని ఆ మాటకే నీరుగారిపోయాడనుకుంటాను. మెల్లగా వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"పేరు పెట్టి పిలువు నాయనా. చివర గారు చేర్చు. నోరేం అరిగిపోదు" అన్నారు టీచరుగారు, ఈసారి నెమ్మదిగా.

ఆయన ప్రయత్నించాడు. నేను దగ్గర్నుంచి చూశాను. నోరు తెరిచాడు, పేరులో మొదటి అక్షరం వచ్చింది, అక్కడ ఇరుక్కుంది. ఒరేయ్ అనలేడు, గారు అనటం రాదు. చివరికి స్టేషన్ కప్పు వంక చూస్తూ, "రైలు సంగతి కనుక్కోవటం అయిందా?" అన్నాడు.

వెనకటి రోజుల్లో కొత్త కోడళ్లు మొగుళ్లతో ఇలాగే మాట్లాడేవాళ్లు, పేరు చెప్పకుండా, పిలుపు లేకుండా.

"అయిందండీ. సాయంత్రానికి కదులుతుందన్నారు" అన్నాడు గుమస్తా.

"టీ తాగటం జరిగిందా?"

"లేదండీ."

"తాగితే బాగుంటుంది" అని యజమాని కప్పుతో చెప్పాడు. తర్వాత నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఆ పుస్తకం నాకూ ఒకటి ఇవ్వు. ఇంకా ఏమేం అడగబోతున్నాడో ముందే తెలుసుకోవాలి" అన్నాడు.

"ఒక్కటే ఉందండీ. అది ఆయన దగ్గరే ఉంది."

యజమాని గుమస్తా వైపు తిరిగాడు. "అది ఒకసారి ఇటు ఇస్తే..."

"చదివి ఇస్తానండీ. ఇంకా సగమే అయింది."

"సగమేనా!" అన్నాడు యజమాని, గుండె మీద చెయ్యేసుకుని.

పొద్దు వాలుతుండగా రైలు కదిలింది. టీచరుగారు రెండో డిటెక్టివ్ నవలలో మునిగి మమ్మల్ని చూడనే లేదు. చేపల రైతు తలుపు దగ్గర నిలబడి, రచయిత్రికి తన మాటగా ఏదో చెప్పమన్నాడు. రైలు చప్పుడులో నాకు వినపడలేదు.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాల మీద నా అభిప్రాయం మారిందా అంటే, మారలేదు. ఆ పుస్తకం రాసిన తీరు అధ్వాన్నం. చెప్పిందే పదిసార్లు చెప్తాడు. కానీ ఒక పుస్తకం ఎలా ఉందో చెప్పగలిగినంత మాత్రాన, అది ఎవరి చేతిలో ఏమవుతుందో చెప్పగలనని అంతకుముందు నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం మాత్రం పోయింది. మీలో సమీక్షలు రాసేవాళ్లుంటే రాయండి, నేను కూడా నోరు మూసుకోలేదు. కాకపోతే అప్పట్నుంచి మొహం చూసి రకం చెప్పేముందు కాసేపు ఆ మొహాన్ని మాట్లాడనిచ్చేవాణ్ణి.

కొన్నాళ్లకి ఏజెంటుగారు కబురు చేశారు. "ఆటోనగర్ సేటు నిన్ను రమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు. వెళ్లిరా" అన్నారు. అయిపోయిందనుకున్నాను.

ఆటోనగర్‌లో ఆ షాపున్న వీధి నిండా సుత్తి దెబ్బలు, వెల్డింగు మెరుపులు. షాపులో యజమాని గల్లా దగ్గర ఉన్నాడు. గుమస్తాకి కొత్తగా ఒక కుర్చీ, బల్ల వచ్చాయి. బల్ల సొరుగులోంచి మన పుస్తకం అంచు కనపడుతోంది.

"గారూ! మనకి టీలు చెప్పండి" అని కేకేశాడు యజమాని.

పేరుకి గారు చేర్చటం నోరు తిరగక, ఆయన పేరు వదిలేసి గారు ఒక్కటే ఉంచుకున్నాడన్నమాట. గుమస్తా ఎంతో హుందాగా తలూపాడు. తర్వాత వెనక్కి తిరిగి గట్టిగా అరిచాడు.

"ఒరేయ్! మూడు టీలు పట్రా! ఆ స్ప్రింగు ప్లేట్లు తర్వాత దించుదువుగాని!"

లోపల్నుంచి సామాను మోసే మనిషి వచ్చాడు. తల నెరిసింది. గుమస్తా కన్నా పదేళ్లు పెద్ద ఉంటాడు.

యజమాని నా వైపు వంగి కనుబొమలు ఎగరేశాడు. "విన్నావా? నిన్ను పిలిచింది ఇందుకే. ఆ ముసలాయన మొహం చూస్తుంటే నాకు మనసుకి బాగుండట్లేదు. ఇదివరకు నాకిలాంటివి వినపడేవి కావు. ఆయనక్కూడా అలాంటి పుస్తకం ఒకటి అమ్మకూడదూ?"

తిరిగి వచ్చేటప్పుడు, టీ గ్లాసులు కడుగుతున్న ఆ పెద్దమనిషి దగ్గర ఆగాను.

"చదవటం వచ్చా అండీ?"

"వచ్చండి. ఐదో క్లాసు దాకా చదివాను. రోజూ పడుకునేముందు ఏదోటి చదూతానండి."

"మంచి పుస్తకం ఒకటుంది. ధైర్యంగా మాట్లాడటం గురించి..."

"గుమస్తాగారు చదివిందేనా?" ఆయన గ్లాసు బోర్లించి, రెండు చేతులూ జోడించాడు. "వద్దండి బాబూ. ఒకళ్లు చదివితేనే టీ ఎవరు తేవాలో తేలక ఈ షాపు ఇన్నాళ్లు అల్లాడిపోయింది. నేను కూడా చదివితే ఇంక టీలే ఉండవు. అయినా నాకు ధైర్యం లేకేం కాదండి, ఆ గుమస్తాగారు 'ఒరేయ్' అన్నప్పుడల్లా ఎంత సంబరపడతాడో చూశారా? పోన్లే పాపం అని ఊరుకున్నా. దయ్యాలవి ఉంటే చెప్పండి. దయ్యం తొందరగా వచ్చేవి."

మర్నాడే పంపించాను. మొదటి పేజీలోనే దయ్యం ఉన్నది.